ఇసుక కింది పెరడు

నా చిన్నప్పుడు మాకు రెండు ఊళ్ళుండేవి. ఒకటి మేం కాపురమున్న ఊరు. రెండోది దానికి తూర్పున, సముద్రం వైపు, ఇసుక కింద ఉన్న ఊరు. దాన్ని పాతూరు అనేవాళ్ళం. మా ఉద్దానంలో కొబ్బరితోటలు దాటి తూర్పుకు వెళ్తే ఇసుకదిబ్బలు వస్తాయి. దిబ్బల వెనక జీడితోటలు, వాటి వెనక మొగలిపొదలు, ఆ తర్వాత సముద్రం. ఆ దిబ్బల్లో ఒకదాని కింద పాతూరు ఉంది. పైకి సగం వరకూ ఇసుకలో కూరుకుపోయిన రెండు తాటిచెట్లు తప్ప ఏమీ కనిపించవు.

పాతూరు ఒక్క రాత్రిలో మునిగిపోలేదట. మా ముత్తాతల నాటి నుంచీ ఏటా వేసవి గాలికి దిబ్బ కాస్త కాస్త జరుగుతూ వచ్చింది. ముందు పెరళ్ళలోకి వచ్చింది. ఊడ్చి పోశారు. తర్వాత గోడల వరకూ వచ్చింది. ఒకనాడు పొయ్యిలో నిప్పు మీద పడింది. అప్పుడిక అమ్మవారికి దండం పెట్టుకుని లేచారు. మట్టిగోడల్ని మోసుకు రాలేరు కదా, వాటిని అక్కడే వదిలేసి తలుపులు, దూలాలు విప్పుకుని పడమటికి నడిచారు. మా ఇంటి పెరటి తలుపు అలా వచ్చినదే. పనసచెక్క తలుపు. ఎన్ని తరాల చేతులు తోశాయో, గొళ్ళెం దగ్గర నల్లగా, నున్నగా అరిగిపోయి ఉండేది. దాని మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలేది, నడివేసవిలో కూడా.

నన్ను బడికి పంపలేదు. నాకు అక్షరాలు మా మేనత్త నేర్పింది. మా నాన్నకు అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. పొద్దున్నే వాకిట్లో ఇసుక పరిచి వేలితో అ, ఆలు రాయించేది. అదే ఇసుకలో పాతూరి వీధి కూడా గీసేది. ఇది కుమ్మరోళ్ళ వాకిలి, ఇది మన అరుగు, ఇక్కడ వంపు, ఇది అమ్మవారి గద్దె, గద్దె దాటితే తాళ్ళు, ఆ రెండు తాటిచెట్లే. నేను అప్పజెప్పాలి. తప్పితే చెరిపేసి మళ్ళీ గీసేది. తనకి వాళ్ళ నాయనమ్మ అలాగే నేర్పిందట. ఆ నాయనమ్మకి మాత్రం ఆ వీధిలో ఆడుకున్న గుర్తుండేదట.

ఎందుకు నేర్పేదంటే, మా ఊరివాళ్ళు జీడితోటకి వెళ్ళాలంటే పాతూరి మీంచే వెళ్ళాలి. దిబ్బ మీద ఎటు పడితే అటు నడవరు. వీధి ఎక్కడుందో అక్కడే నడుస్తారు. వంపు ఉన్నచోట తిరుగుతారు. గద్దె ఉన్నచోట చెప్పులు విప్పి చేత పట్టుకుంటారు. ఇంటి గోడ ఉన్నచోట అడ్డంగా కాలు వెయ్యరు. పైనుంచి చూసేవాళ్ళకి ఖాళీ ఇసుకలో మనుషులు ఊరికే వంకరలు తిరుగుతూ, ఒకచోట తల వంచుతూ, ఒకచోట పక్కకి ఒదుగుతూ పోతున్నట్టుంటుంది. మా అత్తయితే పలకరించేది కూడా. మా అరుగు చోటికి రాగానే ఒక క్షణం నిలబడి, "ఏటి, బాగున్నారా? మేం తోటకెల్లొత్తాం" అనేది. ఎవరో జవాబు చెప్పినట్టు తల ఊపి ముందుకు సాగేది. అలా తల ఊపినప్పుడు నాకు వీపు మీద చీమలు పాకినట్టుండేది. ఆమె చెంగు పట్టుకుని, కళ్ళు మూసుకుని దాటేసేదాన్ని.

ఆ ఏడాది మా పెద్దనాన్న కొడుక్కి పెళ్ళయింది. వదినది టెక్కలి పక్క ఊరు. ఎర్రనేల, రాతిగట్ల మనిషి. ఇసుకలో నడవడం రాదు, పాదం చీలమండ దాకా కూరుకుపోయేది. నవ్వితే ఇల్లంతా వినిపించేది. ఆవిడ వచ్చాకే మా ఇంట్లో నవ్వు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలిసింది. మొదటిసారి మాతో తోటకు వచ్చినప్పుడు మా వంకరనడక చూసి నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఆడపడుసుగారూ, మీ ఊరు శానా బాగుంది గానీ, తలుపులెక్కడున్నాయి? తట్టకుండా ఎలాగొచ్చేది?" అంది నాతో.

నాకూ నవ్వొచ్చింది. మా అత్త వెనక్కి తిరిగింది. కోపంగా కాదు. చాలా నెమ్మదిగా చెప్పింది.

"రావివలసలో ఎండల మల్లన్నకి పైకప్పు నేదు. అయినా దండం ఎట్టుకుంతాం కదా. గోడల్లేని ఇంటికి ఎట్టుకుంతే తప్పేటే?"

వదిన నవ్వు ఆపేసింది. ఆపేసి, ముసుగు సర్దుకుంది. అప్పుడు మా అత్త ఇంకో మాట అంది. మా అరుగు వైపు చూపిస్తూ, "మావలందరూ కూకునే అరుగది. కొత్త కోడలివి, ముందునించి అలాగ సేతులూపుకుంటా ఎల్లిపోతావేటి?" అంది. సగం వేళాకోళం, సగం నిజం. మా ఊళ్ళో ఆ రోజుల్లో కొత్త కోడళ్ళు పెద్దమగవాళ్ళు కూర్చున్న అరుగు ముందునుంచి నడిచేవాళ్ళు కారు. పెరటి వైపు నుంచి వెళ్ళేవాళ్ళు. అది బతికున్నవాళ్ళ అరుగుల సంగతి. ఇసుక కింది అరుగు గురించి ఆ మాట అనడం అదే మొదలు.

వదిన ఆ మాటని మనసులో పెట్టుకుంది. నవ్వే మనుషులు మాటలు పట్టించుకోరనుకుంటాం. అది నిజం కాదు.

తర్వాత కొన్నాళ్ళకి జీడిపిక్కలు ఏరడానికి మళ్ళీ వెళ్ళాం, మేం ముగ్గురమే. చెట్ల కింద రాలిన జీడిపళ్ళు మురిగి గాలంతా తియ్యగా, పుల్లగా ఉంది. పిక్కలు తెంపితే జిగురు వేళ్ళకి అంటి చర్మం చుర్రుమంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి గాలి మారింది. సముద్రం వైపు నుంచి విసురు మొదలైంది. బేగి పదండే అంది అత్త. ముందు తను, వెనక నేను, నా వెనక వదిన నెత్తిన గంపతో. దిబ్బ ఎక్కేసరికి ఇసుక నేలకి జానెడు ఎత్తున పొగలా పారుతోంది. మా పాదాలు మాకే కనిపించడం లేదు. దానిపైన గాలంతా సన్న ఇసుక మంచులా లేచింది. ఎండ ఉంది, వెలుగు ఉంది. కానీ తాళ్ళు లేవు, తోట లేదు, వెనకా ముందూ ఒకటే తెలుపు. పట్టపగలు కళ్ళు తెరిచి ఉండగానే గుడ్డివాళ్ళమయ్యాం. అత్త మాత్రం ఆగకుండా నడుస్తోంది. కుమ్మరోళ్ళ వాకిలి దాటాం. అరుగు చోట నిలబడి అలవాటుగా పలకరించింది.

అప్పుడు వెనక నుంచి "అత్తా" అని వినిపించింది. గట్టిగా కాదు. గదిలోపలి నుంచి పిలిచినట్టుగా.

తిరిగి చూస్తే వదిన మా వెనక లేదు. అరుగు ముందునుంచి రాకూడదని, ముసుగు వేసుకుని, ఇంటి పక్కనుంచి పెరటి వైపుగా తిరిగింది ఆవిడ. ఆ పెరట్లో బావి ఉందని మాకు తర్వాతే తెలిసింది. ఊరు వదిలినప్పుడు పశువులు పడకుండా దాని మీద తాటిదుంగలు పేర్చి వచ్చారట. ఆ తర్వాత దిబ్బ దాని మీదికి ఎక్కింది. దుంగలు కుళ్ళాయి. వీధి ఎటు పోతుందో మా అత్తకి వాళ్ళ నాయనమ్మ చెప్పింది గానీ, పెరట్లో ఏముందో చెప్పలేదు. వీధిలో నడిచేవాళ్ళకి పెరటితో పనేముంది?

వదిన గుండెల దాకా ఇసుకలో ఉంది. చేతులు రెండూ చాపి నేల మీద పరిచి ఉంచింది. గంప పక్కన బోర్లా పడి ఉంది. పిక్కలు ఒక్కొక్కటీ దొర్లుకుంటూ ఆవిడ వైపే వెళ్తున్నాయి, ఆవిడ దగ్గరకి వచ్చి కనిపించకుండా పోతున్నాయి.

నేను పరుగెత్తబోయాను. అత్త నన్ను జుట్టు పట్టి వెనక్కి లాగింది. తను నేల మీద బోర్లా పడుకుని, పాక్కుంటూ పోయి, తన చీరచెంగు మెలితిప్పి వదిన చంకల కిందికి విసిరింది.

"కదలకే అమ్మా. కాళ్ళు ఆడించకు. ఊపిరి గట్టిగా తీకు."

"నాను కదలట్లేదత్తా. అదే కదుల్తన్నాది," అంది వదిన.

అత్త నా వైపు చూడకుండానే చెప్పింది. ఊళ్ళోకి పో, మగవాళ్ళని పిలు, మోకు తెమ్మను, మన పెరటి తలుపు విప్పి తెమ్మను, ఇసుక మీద తలుపు పరిస్తే గానీ నిలబడి లాగలేరు. "వీధిలోంచే ఎల్లు. అడ్డంగా కాలెట్టకు. నువ్వు అప్పజెప్పినట్టే ఎల్లు."

"తలుపా?" అంది వదిన. పెదవులు తెల్లబడిపోయి ఉన్నాయి. అయినా నా వైపు తిరిగి, "సూసావా ఆడపడుసా, తలుపు నాకోసమే తెత్తన్నారు," అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇసుక కొంచెం జారింది.

నేను బయల్దేరాను. ఒక్కదాన్నే, చెంగు పట్టుకునేందుకు ఎవరూ లేకుండా. నాలుగడుగులు వేసేసరికి వెనక వాళ్ళిద్దరూ కనిపించలేదు. అరుగు నుంచి తిన్నగా, తర్వాత వంపు. కానీ వంపు ఎక్కడ? రోజూ వాకిట్లో వేలితో గీసిన వంపు జానెడు ఉంటుంది. ఇక్కడ ఎన్ని అడుగులకి వస్తుందో నేనెప్పుడూ చూసుకోలేదు, కళ్ళు మూసుకుని దాటేదాన్ని కదా. నిలబడిపోయాను. నాలుగు వైపులా తెల్లగా, ఇసుక సర్రుమంటూ పారుతోంది. ఎటు కాలు వేసినా ఎవరి పెరటి బావిలో పడతానో తెలీదు.  కళ్ళు మాత్రం తెరిచే ఉంచాను.

నా ఎడమపక్కన నేల తడిగా ఉంది.

వాకిలంత మేర. అప్పుడే కళ్ళాపి చల్లినట్టు, చినుకులు చినుకులుగా పడి, ముద్దగా నల్లబడి ఉంది. ఇసుక దాని మీంచి పారుతూ పోతోంది గానీ దాన్ని కప్పడం లేదు. పేడనీళ్ళ వాసన వచ్చింది. పొద్దున్నే ఏ ఇంటి ముందైనా వచ్చే వాసనే. ఆ దిబ్బ మీద తడి అన్నది ఉండదు. వాన పడినా ఇసుక తాగేస్తుంది. నేను ఏమీ ఆలోచించలేదు. వాకిలి ఉంటే వీధి దాని ముందు ఉంటుంది, అంతే అనుకున్నాను. ఆ తడి అంచుకి కాలు తగలకుండా, వాకిలి తొక్కకూడదని ఒదిగి, దాని ముందునుంచి తిరిగాను. తిరగ్గానే తెలుపులోంచి తాటిచెట్లు రెండూ నల్లగా పైకి లేచాయి.

ఆ తర్వాతిది పరుగే. ఊళ్ళో మా నాన్న, అన్నయ్య, ఇంకో ఇద్దరు మావలు పెరటి తలుపుని గుమ్మంలోంచి ఊడబీకారు. దాన్ని నలుగురూ భుజాల మీద వేసుకుని, నేను ముందు నడుస్తుంటే నా వెనకే వచ్చారు. అంత పెద్దవాళ్ళు నా అడుగులో అడుగు వేశారు. ఆ వంపు దగ్గరికి వచ్చినప్పుడు నేను కుడివైపు చూశాను. పొడి ఇసుక. తెల్లగా, నున్నగా, ఎక్కడా చుక్క తడి లేదు.

వదిన అప్పటికి భుజాల దాకా దిగిపోయింది. అత్త చీరచెంగు రెండు చేతులకీ చుట్టుకుని అలాగే పడుకుని ఉంది, చెవుల్లో ఇసుకతో. తలుపు పరిచారు. మోకు వేశారు. అన్నయ్య ఏడుస్తూనే లాగాడు. వచ్చేసింది. పైకి వచ్చాక ఆవిడ ఎంతసేపటికీ తన అరికాళ్ళు చేత్తో తడుముకుంటూ ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక, దిష్టి తీశాక, కాస్త గంజి తాగాక చెప్పింది. కాళ్ళ కింద అంతా ఖాళీయేనట. జారిపోతున్నానని తెలుస్తోందట. అప్పుడు కింద ఎవరో అరిచెయ్యి పెట్టినట్టయిందట, ముందు ఒక కాలికి, తర్వాత రెండో కాలికి. "గట్టిగా పట్టుకోనేదత్తా. పిల్లకి నడక నేర్పినప్పుడు పాదం కింద సెయ్యి ఎడతారు సూడు, అలాగ," అంది.

ఏ దుంగ ముక్కో తగిలి ఉంటుందన్నాడు మా నాన్న. మర్నాడు వెళ్ళి పొడవాటి వెదురు గుచ్చి చూశాడు కూడా. వెదురు మొత్తం దిగిపోయింది, దేనికీ తగల్లేదు. వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. నేను తడి వాకిలి సంగతి అత్తకి ఒక్కదానికే చెప్పాను. అది ఎవరిల్లు అని అడిగాను. 

"ఎవురిదో నాకు తెల్దే. తెల్దు కాబట్టే ఇంకా పెద్ద దండం ఎట్టాలి," అంది.

తలుపు వెనక్కి తెద్దామన్నారు. అత్త వద్దంది. ఆ బావి నోటి మీదే ఉంచెయ్యమంది. ఆ ఇంటి తలుపే కదా, ఆ ఇంటికి వెళ్ళింది, ఉండనియ్యండి అంది. కొత్త తలుపు చేయించేదాకా మా పెరటి గుమ్మానికి తాటాకు తడిక కట్టుకున్నాం. కొద్ది రోజులకే ఇసుక ఆ తలుపుని కప్పేసింది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఆ తర్వాత జరిగింది. మా అత్త నాకు వీధి అప్పజెప్పించడం మానేసింది. ఊళ్ళో ముసలివాళ్ళు ఇంకా ఎవరున్నారో చూసి, నన్ను వెంటబెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. మంచం పట్టిన ఒకావిడ దగ్గర కూర్చుని కాళ్ళు ఒత్తుతూ అడిగింది, మీ ఇంటి వెనక ఏముండేదని. ఆవిడకి చూపు లేదు గానీ గుర్తుంది. గాదె గొయ్యి ఎక్కడ, బావి ఎక్కడ, పిల్లలు పుడితే మాయ ఎక్కడ పాతిపెట్టారు, పురిట్లో పోయిన పిల్లని ఏ చెట్టు కింద ఉంచారు. వీధిలో ఎవరూ చెప్పుకోని సంగతులన్నీ పెరళ్ళలో ఉన్నాయి. అత్త వింటూ కళ్ళొత్తుకునేది. మర్నాడు పొద్దున్న అవన్నీ ఇసుకలో గీసి నాతో అప్పజెప్పించేది. "నాను నీకు సగం ఊరే సెప్పానే ఇన్నాళ్ళూ," అంది ఒకసారి, తలెత్తకుండా. కొత్త కోడలికి మర్యాద చెప్పిన మనిషి, ఆ మర్యాద నడిచే దారిలో ఏముందో చెప్పలేకపోయానని చివరిదాకా బాధపడింది.

వదిన మటుకు ఒక్కనాడూ ఆమెని మాట అనలేదు. ఆ తర్వాత కూడా తోటకి వచ్చింది. అరుగు ముందునుంచే నడిచింది, ముసుగు వేసుకుని. ఆ చోట నిలబడి కొంచెం నీళ్ళు పోసి, "మావలూ, కాళ్ళు పట్టుకుని నిలబెట్టినోళ్ళ ముందు సిగ్గేటి," అనేది. అదీ నవ్వుతూనే.

ఆవిడ మొన్నామధ్య వెళ్ళిపోయింది, పలాసలో కూతురి ఇంట్లో. చివరి రోజుల్లో నిద్ర పట్టేది కాదు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే పాతూరు చెప్పమనేది. కుమ్మరోళ్ళ వాకిలి నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా చెప్పేదాన్ని. కళ్ళు మూసుకుని వినేది. మా ఇంటి పెరటి దగ్గరకి వచ్చేసరికి దుప్పటి కింద ఆవిడ పాదాలు రెండూ కొంచెం పైకి లేచేవి, ఎవరో ఎత్తి పట్టుకున్నట్టు. భయం లేదు ఆ ముఖంలో. ఆఖరి రోజు కూడా అలాగే లేచాయి. మళ్ళీ దిగినప్పుడు చాలా మెల్లగా దిగాయి. నేను రెండు చేతులూ జోడించాను.

ఆ మధ్య వచ్చిన పెద్ద తుఫానుకి మా జీడిచెట్లు, కొబ్బరిచెట్లు మొదళ్ళతో లేచిపోయాయి. పాతూరి తాళ్ళు కూడా పడిపోయాయి. ఇక గుర్తంటూ ఏమీ లేదు. కుర్రకారు దిబ్బ మీద సరుగుడు మొక్కలు వేస్తామని వచ్చి, మామ్మా, ఎక్కడ తవ్వొచ్చో చెప్పు అన్నారు. కర్ర పట్టుకుని ముందు నడిచాను. కళ్ళు సరిగా ఆనవు, కానీ కాళ్ళకి తెలుసు. ఇక్కడ వీధి, తవ్వండి. ఇక్కడ బావి, వద్దు. ఇక్కడ ఒక పసిబిడ్డ ఉంది, వద్దు నాయనా. వాళ్ళు నవ్వలేదు. ఒకమ్మాయి చెప్పులు విప్పి చేత పట్టుకుంది, ఎవరూ చెప్పకుండానే.

మా పెరటి దగ్గర, నేను చెప్పేలోపే, ఒకతను లోతు చూద్దామని గునపం దించాడు. కింద చెక్కకి తగిలింది. తలుపు తట్టినట్టు చప్పుడైంది.

అందరం ఆగిపోయాం. గాలి కూడా ఆగింది. లోపలి నుంచి ఎవరైనా ఎవరది అంటారేమోనని చెవులు రిక్కించి నిలబడ్డాం. ఎవరూ అనలేదు. అయినా నాకు ఊరుకోబుద్ధి కాలేదు. తట్టింది మనమే కదా.

"మేమేనమ్మా," అన్నాను. "మొక్కలు నాటుకుని ఎల్లిపోతాం. బాగున్నారా?"

అని, మా అత్తలాగే, ఒక్క క్షణం ఆగి తల ఊపాను. చిన్నప్పుడు నన్ను అంత భయపెట్టిన ఆ తల ఊపడం ఏమిటో ఈ వయసుకి తెలిసింది. జవాబు వినిపించి ఊపేది కాదు. అడిగాక వాళ్ళకి చెప్పుకోవడానికి కాస్త వ్యవధి ఇవ్వడం. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా, ఎవరి గురించి విన్నా, నాకు కనిపించేది వాళ్ళ వీధివాకిలే అనుకుంటాను. వెనక పెరడు ఉంటుంది, అక్కడ కాలు మోపేముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆగినప్పుడల్లా నా అరికాళ్ళ కింద నేల గట్టిగానే ఉంటోంది. ఎవరు పట్టుకుని ఉన్నారో తెలియదు. తెలియదు కాబట్టే ఆ దండం ఇంకా పెడుతూనే ఉన్నాను.